ఉప్పల్ గడపలు, నాచారం అచ్చులు

మా ఉప్పల్‌లో పండుగ వస్తే ఇంట్లో మొట్టమొదట రంగు పడేది గడపకే. గోడలకు సున్నం వేయలేని ఏడాది ఉండేది, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించలేని ఏడాది ఉండేది. గడపకు పసుపు పూయని పండుగ మాత్రం నాకు గుర్తు లేదు. "గడప బోడిగ ఉంటే పండుగ ఇంట్లకు రాదు బిడ్డా" అనేది మా అవ్వ.

నేను వడ్లోళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాయిన దర్వాజలు చెక్కేవాడు. నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో చేరి కట్టె పెట్టెలు కొట్టాను, వాటి మీద రేకు అచ్చులతో అక్షరాలు వేశాను, అక్కడే రిటైరయ్యాను. పండుగలప్పుడు మా గల్లీలో ఇళ్ళ ముందర ఒక రంగుల చెక్క నిలబడి ఉంటుంది. దాని మీద పాలు పొంగే కుండ, చెరకు గడలు, గాలిపటం, కింద 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని అక్షరాలు ఉంటాయి. చూసేవాళ్ళకు అది నిన్నమొన్నటి సరదాలా అనిపించవచ్చు. నేను చూసినంతలో అది మా నాయిన పనికీ నా పనికీ నడుమ పుట్టింది. గడపలు చెక్కినవాళ్ళు, పెట్టెలు కొట్టినవాళ్ళు తమ సంగతులు రాసి పెట్టలేదు. అందుకే తెలిసినంత వరకు నేను రాస్తున్నాను.

పసుపు, జాజు, సున్నం

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే దారిలో, పట్నానికి తూర్పున ఉన్న ఊరు ఉప్పల్. దక్షిణాన మూసీ. ఏటి ఒడ్డున బాగాయత్ భూములు, కూరగాయల మళ్ళు, బర్రెల కోసం పెంచే పచ్చగడ్డి మళ్ళు. ఉత్తరానికి నడిస్తే చిలకానగర్, ఆ తర్వాత నాచారం, దాని చెరువు, మల్లాపూర్, ఇంకా అవతల మౌలాలి గుట్ట. నా చిన్నప్పుడు ఇవన్నీ వేర్వేరు ఊళ్ళు. ఊరికీ ఊరికీ నడుమ పొలాలుండేవి.

ఇండ్లు ఎక్కువగా మట్టి గోడలవి. పైన పెంకులు, ముందర దర్వాజకు రెండు పక్కలా అరుగులు. ఎండాకాలం రాత్రుళ్ళు మగవాళ్ళు ఆ అరుగుల మీదే పడుకునేవాళ్ళు. పగలు ఆడవాళ్ళు అక్కడే బియ్యం ఏరేవాళ్ళు. దారినపోయే మనిషి కూర్చుని మంచినీళ్ళు తాగేదీ అక్కడే. ఇంటికీ వీధికీ మధ్య ఉన్న ఆ కొంచెం జాగా మీదే ఇంటి శ్రద్ధంతా కనపడేది. తెల్లారక ముందే వాకిట్లో పేడనీళ్ళతో సాన్పు చల్లి ముగ్గు వేసేవాళ్ళు. పండుగ ముందు గోడ కింది భాగానికీ అరుగుకూ జాజు పూసేవాళ్ళు. ఎర్రమట్టిని రాత్రే కుండలో నానబెట్టి, పొద్దున పాత బట్ట ముంచి ఒకే వాటంగా లాగేవాళ్ళు. జాజు ఆరిన తర్వాత దాని అంచు వెంట సున్నంతో తెల్ల గీత, ఆ గీత మీద వేలిముద్దరంత చుక్కలు.

గడప వంతు చివరికి వచ్చేది. అవ్వ ముందు దాన్ని తడిబట్టతో తుడిచేది. పసుపు ముద్దను నీళ్ళతో పలచన చేసి, అరచేతితో ఈ చివర నుంచి ఆ చివర దాకా మూడుసార్లు పూసేది. తడి ఆరుతుండగా కుంకుమ బొట్లు పెట్టేది. ఆ తర్వాత బొట్టుకూ బొట్టుకూ మధ్య సున్నపు నీళ్ళలో ముంచిన వేలితో చిన్న చిన్న గీతలు దించేది. పసుపు పచ్చిగా ఉన్నప్పుడు సున్నం తగిలితే ఆ గీత అంచులు ఎర్రబడతాయి. సున్నంలోని క్షారం పసుపును ఎర్రగా మారుస్తుంది. ఇంట్లో కుంకుమ చేసుకునేదీ ఈ పద్ధతిలోనే. అవ్వకు ఆ లెక్క బాగా తెలుసు. ఎక్కడ తెల్లగా ఉండాలో అక్కడ పసుపు పూర్తిగా ఆరనిచ్చేది. ఎక్కడ ఎర్ర అంచు కావాలో అక్కడ తడిమీదే వేలు పెట్టేది. రెండే సరుకులతో మూడు రంగులు తెచ్చేది.

గడప అంటే దర్వాజలో ఒక భాగం. మా నాయిన పనిలో అదే అన్నిటికంటే బరువైనది. దర్వాజకు నాలుగు కమ్ములు. రెండు నిలువువి, ఒకటి పైది, ఒకటి కిందిది. కింది కమ్మికి మనుషుల కాళ్ళు తగులుతాయి, వాన నీళ్ళు తగులుతాయి, చెదలు కూడా ముందు దానికే పడతాయి. అందుకని ఇంట్లో మిగతా కట్టె ఏదైనా, గడపకు మాత్రం టేకో, మద్దో, చేవదేరిన వేపో వెతికేవాడు. రెండు చివర్లా ఉలితో బెజ్జాలు తొలిచి, నిలువు కమ్ముల కొసలను వాటిలో బిగువుగా దించేవాడు. దర్వాజ నిలబెట్టే రోజు ఇంటివాళ్ళు ముహూర్తం పెట్టించేవాళ్ళు. నవధాన్యాలు కట్టిన బట్ట మూట, మామిడాకులు, కొబ్బరికాయ సిద్ధం చేసేవాళ్ళు. ఆ పూట వడ్లాయనకు కొత్త ధోతి, బియ్యం, దక్షిణ ఇచ్చేవాళ్ళు. ఇల్లు కట్టినంత కాలంలో పనివాడికి పసుపు బట్టలు పెట్టే రోజు అదొక్కటే.

పై కమ్మి మీద నాయిన పద్మం చెక్కేవాడు. పద్మానికి రెండు పక్కలా చిలుకలు. ఆ పువ్వును ఏనాడూ పూర్తిగా గీసుకోగా నేను చూడలేదు. అట్ట ముక్క మీద సగం పువ్వు కోసి సంచిలో పెట్టుకునేవాడు. కమ్మికి సరిగ్గా మధ్యన దారం పట్టి గీత కొట్టేవాడు. అట్టను ఆ గీతకు ఆనించి ఒక పక్క పెన్సిలుతో గీసి, తిరగేసి రెండో పక్క గీసేవాడు. రెండు సగాలూ వెంట్రుక వాసి తేడా లేకుండా కలిసేవి. అట్ట నలిగితే కొత్తది కోసుకునేవాడు. కొన్నాళ్ళకు అట్ట బదులు నూనె డబ్బా రేకు వాడడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో మొదటి అచ్చు అదే. దానితో రంగు అద్దే పని తర్వాతి కాలానిది.

పొలాల్లో షెడ్లు లేచాయి

1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డు మీదికి వచ్చింది. 1967లో ఈసీఐఎల్, 1971లో అణు ఇంధన సముదాయం మాకు ఉత్తరాన మొదలయ్యాయి. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పడింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో షెడ్లు పెరుగుతూ పోయాయి. మందుల కంపెనీలు, రసాయనాలవి, పోత పనివి, కరెంటు సామాను చేసేవి వచ్చాయి. పని వెతుక్కుంటూ నల్లగొండ, వరంగల్, మెదక్, కోస్తా జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి జనం వచ్చారు. పొలాల్లో కాలనీలు లేచాయి. కార్మికుల కోసం నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి వచ్చింది. రామకృష్ణ సినీ స్టూడియో కూడా మా నాచారంలోనే ఉండేది.

ఊరి వడ్రంగానికి ఇది పెద్ద మలుపు. నాయిన సంపాదనలో ముఖ్యమైన భాగం నాగళ్ళు, గుంటకలు, బండి చక్రాల నుంచి వచ్చేది. పంట ఇంటికి వచ్చినప్పుడు రైతులు కల్లం దగ్గరే కొలిచి ఇచ్చే ధాన్యం మా ఇంటి ఏడాది గ్రాసం. భూములు ప్లాట్లయ్యాక నాగలి పని పోయింది, దాంతో ఆ ధాన్యం పోయింది. దర్వాజల పని కొంతకాలం పెరిగింది, ఎందుకంటే కొత్త ఇండ్లు లేస్తున్నాయి. మెల్లగా అదీ కోత మిషన్ల దగ్గరికి, టింబర్ డిపోల దగ్గరికి మారిపోయింది. మా ఈడు వడ్లోళ్ళ పిల్లలు ఫ్యాక్టరీల గేట్ల ముందు నిలబడ్డారు. చేయి తిరిగినవాళ్ళను పోత పనికి కొయ్య నమూనాలు చేసే సెక్షన్‌లోకి తీసుకునేవాళ్ళు. ఇసుకలో ఆ నమూనా ఒత్తి తీస్తే పడే గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. మిగిలినవాళ్ళం ప్యాకింగ్‌లోకి వెళ్ళాం.

ప్యాకింగ్ పనిని చిన్నదనుకునేవాళ్ళు ఉన్నారు. బరువైన యంత్రం లారీలో, రైల్లో, ఓడలో పోయి దెబ్బ తగలకుండా దిగాలంటే పెట్టె సరిగ్గా ఉండాలి. లోపల దిమ్మెలు ఎక్కడ ఆనించాలి, బోల్టు ఏ పలక గుండా దించాలి, తేమ తగలకుండా ఏం చుట్టాలి అన్నీ లెక్కలే. మొదట్లో మామిడి పలకలు వాడేవాళ్ళం. తర్వాత పైన్ కట్టె వచ్చింది. పెట్టె మూత బిగించి ఇనుప పట్టీ చుట్టాక చివరి పని అచ్చు. కంపెనీ పేరు, చేరాల్సిన ఊరు, పెట్టె నంబరు, మొత్తం బరువు, సరుకు బరువు వేయాలి. వాటి పక్కన చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మలు ఉండాలి. పగిలే సరుకైతే గ్లాసు, తడవకూడనిదైతే గొడుగు, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే రెండు బాణాలు. ఏ దేశం రేవులోనైనా ఆ బొమ్మల అర్థం ఒకటే.

ఆ అచ్చులను మేమే కోసేవాళ్ళం. పల్చటి రేకును మొద్దు కట్టె మీద పరిచి, సన్నని ఉలి పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళం. తర్వాత అంచులను ఆకురాయితో నున్నగా చేసేవాళ్ళం. మా ఫోర్‌మన్ మొదటి రోజు నేర్పిన సూత్రం ఒకటే. అక్షరంలో మూసుకుపోయిన గుండ్రం ఉంటే దాన్ని చుట్టూ కోసెయ్యకూడదు, కోస్తే నడిమి ముక్క ఊడి కింద పడుతుంది. రెండు చోట్ల సన్నటి కట్లు వదలాలి. ఇంగ్లిష్‌లో ఈ ఇబ్బంది కొన్ని అక్షరాలకే. తెలుగులో అడుగడుగునా గుండ్రాలే. 'సంక్రాంతి శుభాకాంక్షలు' తీసుకోండి. ఆ రెండు మాటల్లోనే మూడు సున్నలున్నాయి. సున్నకు కట్టు పైనా కిందా పెడితే నిలువునా చీలినట్టు కనపడుతుంది. పక్కలకు పెడితే రెండు గిన్నెలు బోర్లించినట్టు ఉంటుంది. కొంచెం ఏటవాలుగా, ఎదురెదురుగా పెడితే కన్ను దాన్ని సున్నగానే చదువుకుంటుంది. తలకట్టు అక్షరానికి తగలకుండా విడిగా కోయాలి, మరీ దూరమైతే అది వేరే గీతలా ఉంటుంది. తెలుగు అచ్చు కోయడం చేతకావాలంటే తెలుగు అక్షరాన్ని తల నుంచి ఒత్తు దాకా విడదీసి చూడగలగాలి. చేసినకొద్దీ అక్షరం మీద ప్రేమ పెరిగే పని అది.

పెట్టె మీది అచ్చు గడప మీదికి

కాలనీల్లో ఇండ్లు సిమెంటువి. అరుగులు పోయి చిన్న వరండాలు వచ్చాయి. జాజు పూయడానికి మట్టి గోడ లేదు. గడప మాత్రం ఇంకా కట్టెదే. పసుపు రోజూ కడిగి పూసే తీరిక షిఫ్టులకు పోయే ఆడవాళ్ళకు ఎక్కడిది? కాబట్టి పసుపు రంగు ఎనామిల్ పెయింటు గడపల మీదికి వచ్చింది. ఒకసారి వేస్తే ఏడాది ఉంటుంది. దాని మీద బొట్లు, పువ్వులు, తీగలు కూడా పెయింటుతోనే. కుంచె పట్టడం అందరికీ రాదు. పసుపు గీత వంకరపోతే తుడిచి మళ్ళీ గీస్తాం, పెయింటు గీత వంకరపోతే వచ్చే పండుగ దాకా కళ్ళ ముందే ఉంటుంది. అచ్చుకు చోటు దొరికింది అక్కడే.

నాయిన సంచిలోని సగం పద్మం చూసి నేను ఒక పూర్తి పద్మం కోశాను, దాల్డా డబ్బా రేకు మీద. మా ఇంటి గడపకు ఎరుపుతో అద్దాం. ఒకటే కొలత, ఒకటే ఎడం, ఐదు పువ్వులు. చుట్టుపక్కల ఇండ్ల వాళ్ళు అడిగి తీసుకుపోయారు. ఆ రేకు ఎన్ని గడపలు తిరిగిందో, పెయింటు మందమై కన్నాలు పూడుకుపోయేది. కిరోసిన్‌లో నానబెట్టి మళ్ళీ ఇచ్చేవాణ్ణి. మాలాగా ప్యాకింగ్‌లో ఉన్న మిగతా వాళ్ళు కూడా ఎవరికి తోచింది వాళ్ళు కోశారు. ఒకరు శంఖ చక్రాలు, ఒకరు నెమలి, ఒకరు ద్రాక్ష తీగ.

పండుగ చెక్క ఆ తర్వాత వచ్చింది. పెట్టెలు విప్పగా పనికిరాని పలకలను కొన్ని ఫ్యాక్టరీలు పొయ్యి కట్టెల కింద తూకానికి అమ్మేవి. మేకుల కన్నాలు, రంపం గీతలు, ఎక్కడో సగం చెరిగిన బాణం గుర్తు ఉన్న ఆ పలకలను మేము నున్నగా చిత్రిక పట్టలేదు, ఆ గరుకులోనే అందముందని ఉంచేశాం. నాలుగు అడుగుల పలక మీద పలచగా జాజు రంగు, దాని మీద తెల్ల సున్నం రంగుతో అచ్చు. అరుగు లేని ఇంటికి అదే అరుగు గోడ అయింది. సంక్రాంతికి కుండా చెరకూ. వెనక్కి తిప్పితే ఉగాదికి మామిడి తోరణం, వేప పువ్వు. ఆసుపత్రిలో పనిచేసే మా వెనక ఇంటి నర్సమ్మ డిసెంబరులో వెదురు బద్దలతో కాగితం నక్షత్రం కట్టి వరండాలో వేలాడదీసేది. ఆమెకు నక్షత్రం, పశువుల పాక అచ్చులు కోసిచ్చాను. ప్యాకింగ్‌లో నా జోడీగా పనిచేసిన సాయిబు రంజాన్‌కు నెలవంక, 'ఈద్ ముబారక్' కోసుకున్నాడు. ఒకే లారీ లోడులో వచ్చిన పలకలు అన్ని మతాల ఇండ్ల ముందరా నిలబడ్డాయి. కార్మికుల బస్తీల పండుగ అంటే నాకు అదే.

మా అవ్వ దీనికి వెంటనే ఒప్పుకోలేదు. "రేకు పెట్టి అద్దేది ముగ్గెట్ల అయితది? చెయ్యి తిరగాలె, మనసు నిలవాలె" అన్నది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. నేల మీది ముగ్గు పొద్దున్నే పుట్టి సాయంత్రానికి చెరిగేది. రేపటిది రేపే వేయాలి. చుక్కలు లెక్కపెట్టి, మనసులో దారి చూసుకుని, వేళ్ళ సందు నుంచి పిండిని సమంగా వదలడం ఒక సాధన. దాన్ని అచ్చుకు అప్పగిస్తే ఆ సాధన పోతుంది. చెక్క సంగతి వేరు. అది ఏండ్ల తరబడి ఉండేది, వడ్రంగి కమ్మి మీది పద్మం లాంటిది. అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నేల మీద చేయి, చెక్క మీద అచ్చు. ఆ కట్టుబాటుకు అవ్వ కూడా ఒప్పుకుంది. పోయేదాకా వాకిలి ముగ్గు ఆమే వేసింది.

అచ్చును కొత్త వింతగా చూడాల్సిన పని కూడా లేదు. మధుర, బృందావనం గుళ్ళలో సాంఝీ అనే కళ ఉంది. కాగితాన్ని కత్తెరతో సన్నగా కత్తిరించి, నేల మీద పరిచి, పైనుంచి రంగు పొడులు జల్లి కృష్ణలీలలను దించుతారు. జపాన్‌వాళ్ళు మల్బరీ నార కాగితాలను ఒకదాని మీద ఒకటి అంటించి, పచ్చి పండ్ల వగరు రసంతో గట్టిపరచి, బట్టలకు రంగులద్దే అచ్చులు కోశారు. నడిమి ముక్కలు ఊడకుండా పట్టుదారాలు కూడా వేసేవాళ్ళు. నాచారంలో మేము రేకు మీద వదిలిన కట్టు, వాళ్ళు వేసిన పట్టుదారం ఒకే చిక్కుకు విరుగుళ్ళు. ఇంకా వెనక్కి పోతే, ఇండోనేషియా సులవేసి దీవి గుహల్లో మనుషులు చేతిని రాతికి ఆనించి చుట్టూ ఎర్రరంగు ఊదిన గుర్తులు దాదాపు 40,000 ఏండ్ల నాటివి. హైదరాబాద్ బేగంబజారులో దొరికే ముగ్గు గొట్టాలు, ముగ్గు జల్లెళ్ళు కూడా ఈ వంశంలోవే.

చెక్క చేసే తీరు

చేయాలనుకునేవాళ్ళ కోసం పద్ధతి చెబుతాను. ఇప్పుడు దొరికే పాత కట్టెలో ఎక్కువ భాగం ఎగుమతి పాలెట్లది. దాని మీద కాల్చిగాని, అచ్చుతోగాని వేసిన ముద్ర ఉంటుంది. గోధుమ కంకి బొమ్మ, దేశం గుర్తు, తయారీదారు నంబరు, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు. కట్టెతో పాటు పురుగులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండా 2002లో ఐఎస్‌పీఎం-15 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. హెచ్‌టీ అంటే కట్టె గుండె భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు తగిలేట్టు వేడిచేశారని అర్థం. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. హెచ్‌టీ ఉన్న పలకనే ఇంటికి తెచ్చుకోండి, ఎంబీ ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. ఆ ముద్రను చేత్తో గీస్తే చెల్లదని, ఎరుపు, నారింజ రంగులు వాడవద్దని కూడా ఆ ప్రమాణంలో ఉంది. ప్రమాదకరమైన సరుకుల గుర్తులకు ఆ రంగులు వాడతారు కాబట్టి.

మేకులు పీకేటప్పుడు తల పట్టి లాగకుండా వెనక నుంచి కొట్టి లేపాలి, లేకపోతే పలక చీలుతుంది. 80 నంబరు గరుకు కాగితంతో అంచులు రుద్ది, 120తో చేతికి పేళ్ళు గుచ్చుకోనంత వరకు రుద్దితే చాలు. రంపం గీతలు ఉండనివ్వాలి. జాజు దొరికితే పలచని జిగురు నీళ్ళలో కలిపి ఒక పూత, దొరకకపోతే ఇటుక రంగు పెయింటు నీళ్ళగా కలిపి ఒక పూత. ఒక రాత్రి ఆరనివ్వాలి.

అచ్చుకు ఇప్పుడు రేకు అక్కరలేదు. ఇంట్లో పడి ఉన్న పాత ఎక్స్‌రే ఫిల్మును బ్లీచింగ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే నల్లపూత ఊడి కింద ఉన్నది కనపడే షీటు మిగులుతుంది. దాని కింద బొమ్మ పెట్టి, పైనుంచి కొత్త బ్లేడు కత్తితో కోయాలి. కత్తిని తిప్పడం కన్నా ఫిల్మును తిప్పితే గుండ్రాలు బాగా వస్తాయి. కట్లు బియ్యపు గింజ వెడల్పు కంటే సన్నంగా ఉండకూడదు.

అద్దడంలోనే చేతి పని ఉంది. కుంచె వెంట్రుకలు కురచగా ఉండాలి. రంగులో ముంచిన తర్వాత పాత న్యూస్‌పేపరు మీద దాదాపు పొడిబారే దాకా అద్ది తీయాలి. ఆ తర్వాత కుంచెను నిలువుగా పట్టి, అంచుల నుంచి లోపలికి పొడుస్తూ పోవాలి. పక్కకు లాగితే రంగు ఫిల్ము కిందికి పాకి అక్షరం ముద్దవుతుంది. ఒకేసారి మందంగా వేసే బదులు పలచగా రెండుసార్లు వేయాలి. రెండో పూత ఆరక ముందే ఫిల్మును నిటారుగా పైకెత్తాలి. గరుకు పలక మీద రంగు ఎత్తుల మీద నిలిచి పల్లాల్లో తప్పిపోతుంది. అక్కడక్కడ జాజు తొంగి చూస్తుంది. దాన్ని దిద్దవద్దు. మట్టి గోడ మీద సున్నం అట్లాగే ఉండేది.

ఇప్పుడు ఉన్నది, పోతున్నది

2005లో క్రికెట్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగినప్పుడు ఉప్పల్ పేరు దేశమంతా విన్నది. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడిచింది. ఊరు బాగుపడింది, నేను సంతోషించాను. పొలాల నడుమ ఉన్న ఊళ్ళు ఇప్పుడు ఒకే పట్నం.

ఈ మార్పుల్లో గడప రాయి అయింది. కొత్త అపార్టుమెంట్లలో కింద గ్రానైటు పలక ఉంటుంది, పైన ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన చౌకట్టు. రాతి మీద పసుపు నిలవదు, పెయింటు పెచ్చులూడుతుంది. కాబట్టి స్టిక్కర్లు వచ్చాయి. చెక్క బొమ్మల స్థానంలో లేజరుతో కోసిన ఎండీఎఫ్ బొమ్మలు వచ్చాయి. అవి చూడడానికి చక్కగా ఉంటాయి. ఒక వానకు ఉబ్బిపోతాయి. కంప్యూటరు ఒక బొమ్మను వేయి కాపీలు తీస్తుంది, పక్కింటి చెక్కకూ మన చెక్కకూ తేడా ఉండదు. చేత్తో అద్దిన అచ్చుకు ఆ జబ్బు లేదు. ఒకే పద్మం అచ్చు పది గడపలు తిరిగినా, ఒత్తిన చేయిని బట్టి పది రకాలుగా వచ్చింది.

ముగ్గు వేసే అలవాటును అచ్చు చంపిందనేవాళ్ళతో నేను ఒప్పుకోను. చేయి తిరగనివాళ్ళకు కూడా తమ ఇంటి ముందర తమ చేత్తో ఏదో ఒకటి చేసుకునే ధైర్యం అచ్చు ఇచ్చింది. మగవాళ్ళను పండుగ అలంకారం పనిలోకి తెచ్చింది. మా బస్తీలో ఫ్యాక్టరీ నుంచి వచ్చి భోగి ముందు రాత్రి భార్యతో కలిసి గడప అద్దిన మగవాళ్ళను చాలామందిని చూశాను. అంతకు ముందు ఆ పనిలో వాళ్ళు వేలు పెట్టినది లేదు. అలవాటును నిజంగా దెబ్బతీసేవి రెండే. ఇంటి ముందర చోటు లేకపోవడం, చేయాలన్న పట్టు లేకపోవడం. మొదటిదానికి నాలుగు అడుగుల పలక సరిపోతుంది, దాన్ని ఎనిమిదో అంతస్తు తలుపు పక్కన కూడా ఆనించవచ్చు. రెండోది ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాల్సిందే.

చివరగా ఒక మనవి. ఉప్పల్, నాచారం, చిలకానగర్, మల్లాపూర్ పాత బస్తీల్లో మట్టి ఇండ్లు ఒకటొకటిగా కూలుతున్నాయి. వాటితో పాటు మా నాయిన ఈడువాళ్ళు చెక్కిన దర్వాజలు కూడా కూలుతున్నాయి. టేకు కమ్ములను కొనేవాళ్ళు తీసుకుపోతారు. చేవ తగ్గిన గడపలు, పగిలిన పై కమ్ములు మాత్రం భోగి మంటల్లో పడుతున్నాయి. మీ తాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ గడపను మంటలో వేయకండి. దాని మీద మూడు తరాల పసుపు ఉంది. అడుగున కుళ్ళిన భాగం కోయించి, మిగిలిన పలకను కడిగి ఆరబెట్టండి. మీ పిల్లల చేత దాని మీద ఒక అచ్చు వేయించండి. ఏ ఇంటిదో, ఏ సంవత్సరంలో తీసిందో వెనక వైపు రాయించి, వచ్చే సంక్రాంతికి మీ కొత్త ఇంటి తలుపు పక్కన నిలబెట్టండి.